తలుపు మీద నిద్ర

గుమ్మం పిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లు మాత్రం మనిషిని బాగా చూసే పెట్టారు. ఇల్లూ వాకిలీ లేనివాళ్లకని కట్టిన ఆ భవనంలో మూడో అంతస్తు చివరి గది ఆవిడది. ఎప్పుడు చూసినా గదిలో ఉండదు, అలాగని వరండాలోనూ ఉండదు. సరిగ్గా గడప మీద, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని, ద్వారబంధానికి వీపు ఆనించి కూర్చుంటుంది. కూరగాయలు తరిగినా అక్కడే, చిరుగులు కుట్టుకున్నా అక్కడే, వచ్చేపోయేవాళ్ల మంచీచెడూ కనుక్కున్నా అక్కడే.

ఎదురుగదిలో చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. ఆయన నోట్లో మేకులూ మాటలూ ఒక్కసారే ఉండేవి.

"ఉంటే లోపలుండు, లేదంటే బయటికి పో. ఈ మధ్యరకం కాపురం ఏంటి మేస్త్రమ్మా?" అనేవాడు.

"గాలి బాగా వస్తుంది అన్నయ్యా."

"వస్తుంది, వస్తుంది. ఎందుకు రాదు? ఆపడానికి తలుపుంటే కదా!"

అవును మరి, ఆ గదికి తలుపు లేదు. ద్వారబంధం ఉంది, దానికి బందులు బిగించిన గుర్తులున్నాయి, తలుపు ఉండాల్సిన చోట మాత్రం ఒక పాత దుప్పటి వేలాడుతూ ఉంటుంది. ఎందుకలా అన్నది తెలియాలంటే ముందు ఆవిడ కాపురం సంగతి చెప్పుకోవాలి.

ఆవిడ మొగుడు తాపీ మేస్త్రీ. పెళ్లయిన మర్నాటి నుంచీ ఆయన గోడ కడితే ఈవిడ సిమెంటు మాలు అందించింది. "ఈ ఊళ్లో ఎన్ని మేడల్లో కాపురం చేశానో!" అని ఆవిడ అంటే కొత్తవాళ్లు కోతలనుకునేవారు. కోతలు కావు. కట్టుబడి పనివాళ్ల సంసారం అలాగే సాగుతుంది. పునాదులు తవ్వేటప్పుడు రేకుల పాక. స్లాబు పడ్డాక దాని కిందే వంట, దాని కిందే పడక. పగలు తట్టలు మోయడం, సాయంత్రం గోడలు తడపడం, పడుకున్నాక కూడా, దొంగలు పడతారేమోనని, ఒక చెవి ఇనుప ఊచల మీదే. ఇంటాయన రేపు చుట్టాలకి గొప్పగా చూపించుకునే హాల్లో ఈవిడ పొయ్యి పెట్టింది. పెద్ద పడగ్గదిలో ఉయ్యాల కట్టింది. కూతురు పుట్టింది ఎవరిదో భోజనాల గదిలో. ఆ ఇంటివాళ్లకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, తెలిసినా ఇప్పుడు చేసేదేం లేదు.

ఏ ఇంట్లోనైనా పద్ధతి ఒకటే. గోడలు లేచేదాకా ఉండొచ్చు. గచ్చు చేసేటప్పుడు మేడ మీదికి జరగొచ్చు. రంగులు వేసేటప్పుడు వాసన భరిస్తే చాలు. అన్నీ అయ్యాక వడ్రంగి వస్తాడు, తలుపులు బిగిస్తాడు. అది చివరి పని. ఆ సాయంత్రానికి ఇంటాయన చేతికి తాళంచెవి, పనివాళ్ల చేతికి మూట. "తలుపు ఎక్కిందంటే మనం దిగాలి" అనేవాడు మేస్త్రీ, బీడీ ముట్టించుకుంటూ. బాధగా ఏమీ అనేవాడు కాదు, వానొచ్చేలా ఉంది అన్నట్టు అనేవాడు. పిన్నికి ఎంత అలవాటైపోయిందంటే, వడ్రంగి ఆఖరి మరమేకు బిగించేలోపు ఈవిడ మూటకి ఆఖరి ముడి పడిపోయేది.

కష్టపడేవాడు పోవడానికి పెద్ద కథేం అక్కర్లేదు. మేస్త్రీ దగ్గాడు, మంచాన పడ్డాడు, పోయాడు. మంచం అన్నది మాటవరసకే, పడుకున్నది సెంట్రింగు చెక్కల మీద. మేస్త్రీ లేని మేస్త్రీ పెళ్లాన్ని, అందులోనూ తట్ట ఎత్తలేనిదాన్ని, ఏ కంట్రాక్టరు ఉంచుకుంటాడు? కూతురు సెంట్రింగు పనిచేసేవాణ్ణి చేసుకుని వాడి వెంట ఊళ్లు తిరుగుతోంది. కూతురు రమ్మంది, అల్లుడూ రమ్మన్నాడు, వాళ్ల కంట్రాక్టరు రానివ్వలేదు. దాంతో పిన్ని ఇనప సామాన్ల కొట్టు ముందు, మెట్ల మీద పడక వేసింది. ఆ కొట్లో అమ్మేవి గొళ్లేలు, తాళాలు, తలుపు బందులు. ఎండలూ వానలూ ఆ మెట్ల మీదే గడిచాయి. మోకాళ్లు పోయాయి, ఒక చెవికి వినికిడి తగ్గింది. అప్పుడు ఈ గది వచ్చింది.

గది వచ్చినందుకు ఏడ్చిందని చెప్పుకుంటారు గానీ ఏడవలేదు. గోడని అరచేత్తో తట్టి చూసి, "ఇసుక ఎక్కువ కలిపారు" అంది.

ఆ రోజు తలుపేసుకుని పడుకుంది. కన్ను మూతపడలేదు. మర్నాడూ అంతే. తలుపు వంక చూస్తే చాలు, ఎవరో వచ్చి తాళంచెవి అడుగుతారనిపించేది. మూట విప్పబుద్ధి కాలేదు. గిన్నె కావాలంటే మూటలోంచి తీసి, వండి, కడిగి, మళ్లీ మూటలో పెట్టేది. మనిషి సగమైపోయింది. మెట్ల మీద దోమల మధ్య పట్టిన నిద్ర, ఫ్యాను కింద పట్టకుండా పోయింది. మళ్లీ ఆ కొట్టు ముందుకే పోదామా అని కూడా అనుకుంది, పైకి అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మొగుడి పనిముట్ల సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసింది. చెప్పుల తాత తలుపు పట్టుకున్నాడు, ఈవిడ బందులు ఊడదీసింది. ప్లైవుడ్ తలుపు, బరువేం లేదు.

"ఇప్పుడు దీన్నేం చేస్తావు మేస్త్రమ్మా, వీపుకి కట్టుకుని తిరుగుతావా?"

"పడుకుంటా."

నాలుగు మూలలా ఇటుకలు పేర్చి, వాటి మీద తలుపు పరిచి, బొంత వేసింది. మంచి మంచమైంది.

"మరి దొంగలొస్తేనో?"

"వచ్చినవాడు నా సంసారం చూసి జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతాడులే అన్నయ్యా."

ఆ పూట పడుకున్న మనిషి మర్నాడు ఎండ మొహం మీద పడితేగానీ లేవలేదు. మూట విప్పి గిన్నెలు గూట్లో సర్దింది. అప్పటి నుంచే ఆవిడ గుమ్మం పిన్ని అయింది.

ఇలా రోజులు గడిచిపోతుండగా, ఎండలు మండిపోయే కాలంలో, ఆ భవనానికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. భుజానికి సంచీ, చేతిలో నీళ్ల సీసా, మొహం నిండా చెమట. సెలవుల్లో ఇంటర్న్‌షిప్పట. ఇల్లు లేనివాళ్లు అసలు లేకుండా పోవాలంటే ఏం చెయ్యాలో పెద్దవాళ్లు పరిశోధన చేస్తున్నారట, అందులో ఈ అమ్మాయికి ఒక ముక్క అప్పజెప్పారట. ఆ ముక్క ఏమిటంటే, గది ఇచ్చాక కూడా కొంతమంది ఎందుకు మళ్లీ రోడ్డు మీదికే పోతున్నారు అని. భవనంలో వాళ్లు ఆ పిల్లకి సర్వే పిల్ల అని పేరు పెట్టేశారు. పేరు పెట్టడానికి వాళ్లకి పరిశోధన అక్కర్లేదు.

గుమ్మం పిన్ని గదికి వచ్చినప్పుడు ఆ పిల్ల గడప దాటుతూ ద్వారబంధం వైపు ఒక్కసారి చూసింది. చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది. లేనివాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఏమేం లేవో అడిగి వాళ్లని చిన్నబుచ్చొద్దని పంపేముందు గట్టిగా చెప్పారట. పిల్ల బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు చేసింది.

"కూర్చో తల్లీ," అని పిన్ని మంచం చూపించింది.

పిల్ల కూర్చుంది. కాసేపటికి నడుం సర్దుకుంటూ, "మీ మంచం బాగుందండీ. గట్టిగా ఉంది. మా హాస్టల్లో పరుపు గుంటలు పడిపోయి నడుం విరిగిపోతోంది," అంది.

పిన్ని మురిసిపోయింది. తలుపుని మంచం చేసుకున్న సంగతి పిల్ల చూసిందనీ, చూసి మెచ్చుకుందనీ అనుకుంది. పిల్లేమో, పాపం ఈవిడకి తలుపు కూడా పెట్టలేదనుకుంది. ఇద్దరూ తలుపు గురించే ఆలోచించారు, ఒక్కరూ తలుపు మాట ఎత్తలేదు. ఆ పిల్ల అంతసేపూ కూర్చున్నది తలుపు మీదే.

సాయంత్రం పిల్ల తిన్నగా ఆఫీసుకి పోయి, "మూడో అంతస్తు చివరి గదికి తలుపు లేదండీ. ఒంటరి ఆడమనిషి. వెంటనే ఏదో ఒకటి చెయ్యండి," అని చెప్పింది.

వెంటనే చేశారు.

ఆ భవనం సూపర్‌వైజరుని అందరూ రూల్సు బాబాయ్ అంటారు. చెడ్డవాడు కాదు. కుళాయి పాడైతే తనే రెంచీ పట్టుకొస్తాడు. కాకపోతే మనిషికి రూలు కనిపిస్తే ఇంకేదీ కనిపించదు. మర్నాడు పొద్దున్నే రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"తలుపేదీ?"

"ఇదిగో, ఇక్కడే ఉంది బాబాయ్," అని పిన్ని బొంత పైకెత్తి చూపించింది.

రూల్సు బాబాయ్ ఆ మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఇటుకలు చూశాడు. "నయం, అమ్ముకున్నావేమో అనుకున్నా. ఏం పిన్నీ ఇది? తలుపుని పడుకోబెట్టి, నువ్వు దాని మీద పడుకుంటావా?"

"కిర్రుమనదు, నల్లులు పట్టవు."

"అది కాదు నేనంటున్నది! తలుపన్నాక నిలబడాలి. పైవాళ్లకి కబురెళ్లింది. గదిలో సామాను ఊడదీస్తే గది రద్దు, అది రూలు. నీ వెనకాల గదికోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా? శుక్రవారం మళ్లీ వస్తా. తలుపు తలుపు చోట ఉంటే సరే. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

ఆయన దిగిపోయాక చెప్పుల తాత నోట్లో మేకులు ఉమ్మేశాడు. "నేను కూడా ఒక చెయ్యి వేశానని చెప్పలేదు కదా?"

"చెప్పలేదులే. నువ్వు భయపడకు."

"నాకేం భయం? ఊరికే అడిగా," అని తాత మళ్లీ మేకులు నోట్లో పెట్టుకున్నాడు.

పిన్ని గడప మీద కూర్చుంది. తలుపు బిగిస్తే ఉండలేదు. బిగించకపోతే ఉండనివ్వరు. ఇనప సామాన్ల కొట్టు ముందు మెట్లు ఉన్నాయో, కొత్తగా గ్రిల్లు పెట్టించారో కనుక్కుందామా అనిపించింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఈ మోకాళ్లతో మళ్లీ అక్కడా అనుకుంది.

మధ్యాహ్నం సర్వే పిల్ల నవ్వుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. "పిన్నిగారూ, తలుపు గురించి ఆఫీసులో చెప్పాను. వచ్చారా?"

"వచ్చారమ్మా."

"పెడతామన్నారా?"

"నన్ను పెట్టమన్నారు. లేకపోతే గది తీసేసుకుంటామన్నారు."

పిల్లకి అర్థం కాలేదు. "మీరెలా పెడతారు? అసలు తలుపుంటే కదా!"

"నువ్వు దాని మీదే కూర్చున్నావుగా తల్లీ."

పిల్ల తేలు కుట్టినట్టు లేచింది. బొంత ఎత్తి చూసింది. గొళ్లెం, దాని పక్కన గది నంబరు, అన్నీ ఉన్నాయి. ఎదురుగదిలోంచి తాత పకపకా నవ్వాడు. పిల్ల మొహం మాత్రం కందగడ్డలా అయిపోయింది.

"నేనే చేశాను ఇదంతా. అయ్యో, ఒక్క మాట మిమ్మల్ని అడిగుంటే..."

"అడగాల్సింది. నేనూ చెప్పాల్సింది. మెచ్చుకున్నావు కదా, ఇంకేం చెప్తాంలే అనుకున్నా."

పిల్ల అక్కడే నిలబడి వాళ్ల మేడంకి ఫోను చేసింది. మేడం అంతా విని, మనం చూడ్డానికి వెళ్లాం గానీ భవనం రూలు మార్చడానికి కాదు, పైగా మూడో అంతస్తులో ఒక ముసలావిడ తలుపు లేకుండా ఉంటే రేపేదైనా జరిగితే జవాబు ఎవరు చెప్తారు అంది. అదీ నిజమే. పిల్ల ఫోను సంచీలో పడేసి, ఈసారి అడగొద్దన్నదే అడిగింది.

"తలుపు ఎందుకు తీసేశారు పిన్నీ?"

పిన్ని చెప్పింది. హాల్లో పొయ్యి, పడగ్గదిలో ఉయ్యాల, మేస్త్రీ బీడీ, చేతిలో మూట, అన్నీ చెప్పింది. పిల్ల పెన్ను తీయడం మర్చిపోయింది. తాత కూడా సుత్తి పక్కన పెట్టి విన్నాడు. తలుపు ఊడదీయడానికి సాయం చేశాడే గానీ, ఎందుకో ఆయనా ఇంతవరకూ అడగలేదు.

గురువారం ముగ్గురూ కలిసి తలుపు ఎక్కించారు. పిల్ల ఒక వైపు పట్టుకుంది, తాత కింద చెక్కముక్క పెట్టి ఎత్తాడు, పిన్ని పై బందు దగ్గర స్టూలెక్కి నిలబడింది.

"కొంచెం పైకి... అంత పైకి కాదు తల్లీ, ఆకాశానికి బిగిస్తామా?"

"చేతులు లాగేస్తున్నాయి పిన్నీ!"

"లాగుతాయి. అన్నయ్యా, కదపకు."

"నేను కదలట్లేదు, నీ తలుపే వణుకుతోంది," అన్నాడు తాత.

పై బందు పడ్డాక పిన్ని స్టూలు దిగింది, తాత స్క్రూడ్రైవరు అందుకున్నాడు. కింది బందుకి ఆఖరి మరమేకు తిప్పుతూ, "అయిపోయింది! ఇక చూసుకోమను వాణ్ణి!" అని అరిచాడు. తలుపు వేసి తీసి చూశాడు. బాగానే పడుతోంది. పిల్ల చప్పట్లు కొడుతూ వెనక్కి తిరిగింది.

పిన్ని గది మధ్యలో కూర్చుని ఉంది. గూట్లో గిన్నెలన్నీ దుప్పటిలోకి వచ్చేశాయి. పైన బొంత మడత. ఆఖరి ముడి వేస్తోంది.

"పిన్నీ... ఎక్కడికి?"

పిన్ని తలెత్తింది. పిల్లని చూసింది, తలుపుని చూసింది, ఆ తర్వాత తన చేతుల్ని చూసుకుంది. ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంది. "ఏమో నాకూ తెలీదే," అంది.

తాత నోరెత్తలేదు. ఆయన నోరెత్తని సందర్భం అదొక్కటే అని తర్వాత చాలామందికి ఆయనే చెప్పుకున్నాడు.

పిల్ల కింద కూర్చుంది. ముడి విప్పబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "తలుపు బిగించాక కూడా ఎప్పుడైనా ఉండిపోయారా? ఒక్కసారైనా?"

పిన్ని ఆలోచించింది. "ఒకచోట ఉన్నాం. రైలు గేటు పక్క పెద్ద మేడ. తలుపులన్నీ బిగించేశారు, మూట కూడా కట్టేశా. ఇంతలో ఇంటాయన పరిగెత్తుకుంటూ వచ్చి, గోడకి చెమ్మొచ్చింది, ప్లాస్టరింగు గీకి మళ్లీ చెయ్యాలన్నాడు. మూట విప్పేశాం. ఆ వానాకాలమంతా ఆ ఇంట్లోనే గడిచింది. తలుపేసుకునే పడుకున్నాం."

"నిద్ర పట్టిందా?"

"పట్టకేం? పని మిగిలుంటే పొమ్మనరుగా," అంది పిన్ని. అని, పక్కనున్న గోడని అరచేత్తో తట్టి చూసింది.

పిల్లకి బస్సు టైమైంది. వెళ్తూ వెళ్తూ, "రేపు పొద్దున్నే వస్తా. నేను వచ్చేదాకా ఎక్కడికీ వెళ్లరు కదా?" అని మెట్ల దగ్గర నుంచి రెండోసారి అడిగింది.

శుక్రవారం రూల్సు బాబాయ్, సర్వే పిల్ల ఒకేసారి మెట్లెక్కారు. పైనుంచి గర్ గర్‌మని ఏదో గీకుతున్న చప్పుడు. చివరి గది తలుపు మూసి ఉంది. రూల్సు బాబాయ్ తలుపు తట్టాడు, అలా తట్టడానికి తలుపున్నందుకు సంతోషిస్తూ ఇంకోసారి తట్టాడు.

పిన్ని తలుపు తీసింది. జుట్టు నిండా తెల్లటి దుమ్ము. చేతిలో మేస్త్రీ తాపీ.

రూల్సు బాబాయ్ తలుపు వేశాడు, తీశాడు, గొళ్లెం పెట్టి చూశాడు. "ఇప్పుడు బాగుంది. ఇలా ఉండాలి. గదికి వచ్చిన ఢోకా ఏం లేదు, నేను చెప్తాలే," అన్నాడు. అప్పుడు లోపలికి చూశాడు. కిటికీ పక్క గోడకి చాపంత మేర ప్లాస్టరింగు లేదు. ఇటుకలు కనిపిస్తున్నాయి. "ఇదేంటి?"

"ఇసుక ఎక్కువ కలిపారు బాబాయ్, పట్టుకుంటే రాలిపోతోంది. మళ్లీ చెయ్యాలి."

"మరమ్మతా?" రూల్సు బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. మరమ్మతు చేసుకోకూడదన్న రూలేదీ ఆయనకి గుర్తు రాలేదు. "ఎప్పటికవుతుంది?"

"చూడాలి. మాలు వెయ్యాలి, తడపాలి, ఆరాలి. తొందరపడితే పగుళ్లొస్తాయి."

"సర్లే, గచ్చు మాత్రం పాడుచెయ్యకు," అని ఆయన దిగిపోయాడు.

పిల్ల గదంతా చూసింది. బొంత నేల మీద పరిచి ఉంది. గిన్నెలు గూట్లో ఉన్నాయి. మూట కట్టిన దుప్పటి కిటికీకి వేలాడుతోంది. "నిద్రపోయారా పిన్నీ?"

"కొంచెం గీకాక పడుకున్నా. నేల మీద కదా, నడుం పట్టేసింది. నిద్ర మాత్రం పట్టింది."

సెలవులు అయిపోయే ముందు పిల్ల అందరికీ చెప్పి పోవడానికి వచ్చింది. పిన్ని గడప మీదే కూర్చుని ఉంది, తలుపు వీపు వెనక బార్లా తెరిచి ఉంది.

"రిపోర్టు రాసేశావా తల్లీ?"

"ఎక్కడ పిన్నీ, సగం కూడా అవలేదు. మీ గది గురించి రాసిన ముక్క మేడంకి అర్థం కాలేదు. మళ్లీ రాయమంది."

"అయితే ఇంకా పనుందిగా. ఉండిపో."

పిల్ల నవ్వింది. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

కిటికీ పక్క గోడ పూర్తయింది. నున్నగా, అద్దంలా వచ్చింది. అది ఆరీ ఆరకముందే గూటి కింద ఇంకో చోట రాలుతోందని పిన్ని గీకడం మొదలుపెట్టింది. అదయ్యాక పొయ్యి వెనక. ఆ గది ఇప్పటికీ పూర్తి కాలేదు. కూతురు ఫోను చేసి గది బాగుందా అని అడిగితే, "కడుతున్నామే," అంటుంది.

చెప్పుల తాతకి ఆ గీకుడుతో ప్రాణం విసిగిపోయింది. "మేస్త్రమ్మా, నీ గది పూర్తయ్యేలోపు నేను పోయేలా ఉన్నాను!" అని ఒకరోజు గుమ్మం దాకా వచ్చి మరీ అరిచాడు.

"పోతే పో అన్నయ్యా," అంది పిన్ని, గోడ మీంచి కళ్లు తిప్పకుండా. "వెళ్తూ వెళ్తూ ఆ తలుపు కాస్త దగ్గరగా వేసి పో. దుమ్ము నీ గదిలోకొస్తుంది."